మొలతాడు చేప

కేజీహెచ్‌లో డాక్టరమ్మ
సీసం అంది.
నాకు ముందు పద్యమే గుర్తొచ్చింది.
ఎనిమిదో తరగతిలో కూర్మాచార్యులు మాస్టారు
బల్ల మీద వేళ్ళతో దరువేస్తూ
నాలుగు పొడుగు పాదాలు, కింద ఓ తేటగీతి
అప్పజెప్పమనేవారు.
సీసమంటే ఊపిరి బిగబట్టి చదివేదని,
అంతవరకే నా చదువు.

"ఇంట్లో ఏమైనా కరిగిస్తారా?" అంది.
బెల్లం, అన్నాను.
అని, ఆగిపోయాను.

మేం దాన్ని సీసం అనం. బరువు అంటాం.
వల మునగాలంటే బరువుండాలి.
వేట బందైన ఆ రెండు నెలలూ
మా ఆయన తాతారావు
జ్ఞానాపురంలో పాత బ్యాటరీలు విప్పేవాడి దగ్గర
పలకలు తూకానికి తెచ్చి
వంటింటి పొయ్యి మీదే మూకుడు పెట్టేవాడు.
సముద్రపు గాలికి మంట నిలవదని
తలుపు మూసి మరీ.
పైన నల్లటి తెట్టు.
గరిటెతో పక్కకి లాగితే
కింద పున్నమి.
అంత అందమైంది మా ఇంట్లో ఇంకోటి లేదు.
చూస్తానని చిన్నోడు నా చంకెక్కేవాడు.

మిగిలిన చుక్కతో ఓసారి
వేలెడంత చేప పోశాడు కొడుక్కి.
కన్నూ మొప్పా తోకా మేకుతో గీశాడు.
"గంగమ్మ సల్లగా సూత్తాదిలే" అని
మొలతాడుకి కట్టాడు.
పళ్ళొచ్చే వయసు.
ఏడుపొస్తే చేప నోట్లోకి.
జాలారోడి కొడుకు పచ్చి చేపే తింటాడని
నవ్వుకున్నాం.

కడుపునొప్పంటే నులిపురుగుల మందు.
అన్నం తోసేస్తే దిష్టి.
అంగన్‌వాడీలో నేర్చిన అ ఆ లు
సాయంత్రానికి ఇల్లు చేరకపోతే
మొద్దు అన్నాం.
అన్నది నేనే. కొట్టిందీ నేనే.

నెత్తుటి రిపోర్టు ముందు పెట్టుకుని
డాక్టరమ్మ అడుగుతూనే ఉంది:
గోడలకి రంగెప్పటిది, పెచ్చులూడుతోందా,
పసుపు విడిగా కొంటారా,
సిందూరం ఎక్కడిది, కాటుక ఎవరు చేశారు,
పనిబట్టలతో మీ ఆయన పిల్లాణ్ణి ఎత్తుకుంటాడా?
ఎత్తుకోకుండా ఎలా ఉంటాడమ్మా.

తాతారావు నమ్మలేదు.
"మా అయ్య సేసేడు, మా తాత సేసేడు,
ఆళ్ళకేటయ్యింది?"
అని, తనూ ఆగిపోయాడు.

మా మామకి చేతులు వణికేవి.
మణికట్లు వాలిపోయి
ముద్ద నోటిదాకా వచ్చేది కాదు.
సారా అన్నాం.
ముట్టలేదురా అని గంగమ్మ మీద ఒట్టేస్తే
తాగుబోతు ఒట్టు గట్టునే పోతుందని
వీధి వీధంతా ఇకిలించాం.
దినం నాడు ఫొటో ముందు
ఇష్టమని సీసా కూడా పెట్టాం.

సీసా కాదు మామా, సీసం.
ఒక్క అక్షరం తప్పు చదివాం
నీ బతుకంతా.

ఇప్పుడు మూకుడు ఇంట్లో లేదు.
బరువులు బజార్లో కొంటున్నాడు, అప్పు మీద.
అవీ ఎవరో ఏ వంటింట్లోనో పోసినవే కదా,
ఆ మూసిన తలుపు వెనక
ఎవరి చంకలో ఎవరున్నారో అంటే
గసురుకుంటాడు.

గచ్చు తడిగుడ్డతోనే తుడుస్తాను.
మునగాకు కూర, రాగిజావ.
పాత వలలు సర్దొచ్చిన రోజు
వీధి కుళాయి కింద ఒళ్ళు తోముకుంటే గానీ
తండ్రికి కొడుకునివ్వను.
గుమ్మంలో చేతులు చాపి వాడేడుస్తుంటే
ఆయన ఇంకా గట్టిగా తోముకుంటాడు.

చేపని కోసేశాను.
సముద్రంలో వెయ్యొద్దు, మట్టిలో పాతొద్దు అన్నారు.
ఎక్కడ వెయ్యాలో మాత్రం
ఎవరూ చెప్పలేదు.
అటక మీద మూత బిగించిన డబ్బాలో ఉంది.
కదిపితే
ఈ పక్క నుంచి ఆ పక్కకి ఈదుతుంది.

రాత్రిళ్ళు నిద్రలో
చిన్నోడి చెయ్యి
మొల దగ్గర తడుముకుంటుంది.