కలపబాక

పొదలకూరు నిమ్మకాయల యార్డులో
తెల్లారుజామున మూడింటికే నా లెక్కలు మొదలు.
గోతం బోర్లిస్తే గుట్ట.
పచ్చికాయ ఈ పక్క, పండుకాయ ఆ పక్క,
గోళీలు తట్టలోకి, మచ్చకాయ కాళ్లకాడికి.
చూసే పన్లేదు, వేళ్లకి తెలుసు.
ముల్లు గీసిన చోట రసం దిగి చుర్రుమంటే
అది కూడా లెక్కలోదే.

రాత్రి సురేఖ పుస్తకం ముందరేసుకోని
పెన్ను మూతి కొరకతా ఉండాది.
ఏందిమే అంటే
నాలుగు ఎక్స్, మూడు వై, మైనస్ ఎక్స్,
రెండు వై, ఏడు,
అన్నీ ఒకే వరసలో కలగాపులగంగా.
ఎక్స్ అంటే?
ఏదైనా కావచ్చమ్మా.
ఏదైనా అయితే అన్నీ కలిపి పారెయ్.
అట్టా కలపకూడదంట,
సజాతి పదాలనే కలపాలంట.

ఓసినీ, ఇంతేనా!
ఇది గోతం బోర్లించడమే గదా.
ఎక్సుల్ని ఈ పక్కకి దొర్లించు, వైల్ని ఆ పక్కకి.
ముందున్న గుర్తు కూడా దాంతోనే పోవాలమ్మా, అంది,
మైనస్‌ని వదిలేస్తే సార్ కొడతాడు.
పోకేం.
మా రవణమ్మ యార్డు మారి గూడూరు పోయినా
ముందు తీసుకున్న అడ్వాన్సు
ఆమె ఎనకాలే బస్సెక్కలా?

మూడు ఎక్స్.
ఐదు వై.
ఏడుకి అక్షరం లేదు, ఎవురితోనూ కలవదు,
గేటుకాడ వాచ్‌మన్ కాదర్ వలీ మాదిరి
ఒంటిగా కూచోనుంటది.

ఇంకో లెక్కలో నెత్తిన బుడ్డ రెండు పెట్టుకున్న ఎక్స్.
అదీ ఎక్సే గదా అన్నా.
కాదంట. ఎక్స్‌ని ఎక్స్‌తోనే గుణిస్తే వచ్చిందంట.
జాడీలో ఊరిన కాయని
మళ్లీ తెచ్చి గుట్టలో వెయ్యం గదా,
సరేలే.

చివరికి జవాబు రాసింది:
మూడు ఎక్స్ ప్లస్ ఐదు వై ప్లస్ ఏడు.
ఇంకా కూడికలు మిగిలే ఉండాయే, అన్నా.
ఇంతేనమ్మా, ఇంకేం చెయ్యడానికి లేదు.

నాకు నిద్ర పట్టలా.
పెళ్లైనకాడి నుంచి నా లెక్కలన్నీ
ఒక్క అంకె దగ్గరికొచ్చి ఆగాలనుకుంటా ఉండా.
మధ్యలో ప్లస్ పెట్టి వదిలేసినా
అది జవాబేనంట.

శనివారం కూలి రోజు.
గుమాస్తా పుస్తకం తెరిచి
ఎనిమిది గోతాలు, అన్నాడు,
పచ్చికాయ రేటుతో గుణించాడు.
గోళీలు ఏరాలంటే ఎంతసేపు ఒంగాలో
ఆయన నడుముకి తెలీదు.
ఎనిమిది కాదు సామీ.
మూడు పచ్చి, ప్లస్, ఐదు గోళీ.
కలపబాక.

పెన్ను ఆగింది.
ఎనక నుంచి పెంచలమ్మ కిసుక్కుమంది.
నూటా అరవై చేతిలో పెట్టి
మిగతాది వచ్చే వారం, అన్నాడు.
ఏ గుర్తు పెట్టి రాసుకున్నాడో
సురేఖని తోడు తెచ్చి చూపించాల.