పదకొండో గూడు

పాత సొరంగంలో
బండొస్తే ఒదిగి నిలబడే గూళ్లు ఇరవై రెండు.
పదకొండోది నాది.
కాగితాల్లో కాదు, నా వీపుకి తెలుసు.

ఆ గూట్లో ఒక ఊట ఉండేది.
చెంబు నిండాలంటే అరగంట.
కింద నంద్యాల మండిపోతున్న నెలల్లో కూడా
సుత్తి పక్కన పెట్టి పట్టుకునేవాణ్ణి.
మా నాయన సుంకన్న కూడా అక్కడే పట్టినాడంట,
ఇదే కీమ్యాన్ పనిలో.

ఇప్పుడు రెండో లైనుకని
కొండలో పక్కనే కొత్త బొక్క కొడుతున్నారు.
నడుమ పద్దెనిమిది మీటర్ల రాయి.
మధ్యాన్నం మూడింటికి, బండ్లు లేని సందులో,
విజిల్. ఆ తర్వాత అరికాళ్లలో ఏదో,
పక్కింట్లో ఎవరో రోలు జరిపినట్టు.
పైకప్పు నుంచి ఆవిరి బండ్ల నాటి మసి
నా టోపీ మీద రాలుతుంది.
నేను పుట్టకముందు పొగ.

కర్నూలు నుంచి ఫిర్దోస్ అనే ఇంజనీరు పిల్ల వచ్చి
పగుళ్లకు అడ్డంగా
సన్న గాజుపలకలు సిమెంటుతో అతికించింది.
"ఇది పగిలితే కొండ కదిలినట్టు. ఫోన్ చెయ్ మద్దిలేటన్నా.
వేలితో మాత్రం తట్టొద్దు."
రెండో నాడే తెలిసొచ్చింది
వేలు ఊరుకోదని.

రోజూ టార్చి వేసి చూస్తా.
ఏడో పలక మీద బల్లి.
పుస్తకంలో రాస్తా: మార్పు లేదు.
మార్పు లేదు.
మార్పు లేదు.

ఉగాదికి వారం ముందు
చెంబు పెట్టి అరగంట కూర్చున్నా.
గంట.
ఎక్స్‌ప్రెస్ ఒకటి గూడంతా ఊపేసి పోయింది.
చెంబు అడుగు తడవలేదు.
గాజు ఒక్కటీ పగల్లేదు.

పగులుకి గడి ఉంది పుస్తకంలో,
పట్టా దిగిన మిల్లీమీటర్లకి ఉంది.
దీనికి లేదు.
ఫిర్దోస్ వచ్చి పొడిరాయి మీద చెయ్యి పెట్టి
చాలాసేపు తీయలేదు.
"నీళ్లకి దగ్గర దోవ దొరికిందన్నా" అనింది.

కొండ చుట్టి ఆరు కిలోమీటర్లు నడిచిపోతే,
కొత్త గోడకి పైపు గుచ్చి
ఒడిశా పిల్లోళ్లు డబ్బాలు నింపుకుంటున్నారు.
ఎవరు నువ్వని అడక్కుండానే
ఒకడు గ్లాసు అందించినాడు.
అదే ఇనుము రుచి.
మంచినీళ్లేరా, మావే, అన్నా.
అర్థం కాకపోయినా తలూపినాడు.

సాయంత్రం గడుల కింద ఖాళీలో రాసినా:
పదకొండో గూడు, పొడి.
మర్నాటికి ఎవరో దాన్ని కొట్టేసి
గుండ్రటి అక్షరాల్లో సరిదిద్దినారు.

చెంబు తీయలేదు నేను.
మూడింటికి అవతల విజిల్ పడితే
మోగుతుంది.
నీళ్లున్నప్పుడు
ఇంత బాగా మోగేది కాదు.