నిన్నటి చేప

వేబ్రిడ్జి దగ్గర రాత్రి డ్యూటీ దిగి
ఫిషింగ్ హార్బర్ మీదుగా నడిచొస్తాను.
వేలం కేకలు అప్పుడే లేస్తుంటాయి.
డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌస్
ఇక చాలించాలా వద్దా అన్నట్టు తిరుగుతుంటుంది.

మొదటిరోజు ఫోన్ తీసి చూపించాను
గరికిన అచ్చియ్యమ్మకి.
లారీకీ లారీకీ మధ్య చెక్కిన కోనాం.
ఎనభై వేల పోలిగన్లు.
పొలుసు పొలుసుకీ వెలుతురు పెట్టాను.
ఆమె తడి చెయ్యి చీరకి తుడుచుకుని
కళ్ళు చికిలించి
"ఏటే గుంటా ఇది? సబ్బా?" అంది.
"కోనాంకి అంతేసి పొలుసులెక్కడివే?"

ఇంటికొచ్చి చూస్తే
నాకూ సబ్బే కనబడింది.

కోటవీధిలో మా గది.
పోర్టు నుంచి వచ్చే నల్లపొడి
తెల్లారేసరికి కిటికీ గట్టు మీద
వేలితో పేరు రాసుకునేంత.
టాబ్లెట్‌ని పాత చున్నీతో తుడిచి కూచుంటాను.
ద్వారకానగర్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది,
కుడిమూల ఒకచోట పెన్ను పలకదు.
గీత అక్కడ తెగుతుంది.
తెగేచోట తోక రాకుండా సర్దుకోవడం
నేను నేర్చిన మొదటి విద్య.

రోజుకో చేప అనుకున్నాను.
ఒక రోజంతా మొప్ప ఒక్కటే అయింది.
ఇంకోరోజు కరెంటు లేదు,
లారీ బిల్లు వెనక పెన్సిల్‌తో తోక.
జ్వరం వచ్చిన వారం ఏమీ లేదు.
దానికి విశ్రాంతి అని పేరు పెట్టి
అబద్ధమాడను.

స్టేటస్‌లో పెడితే ముప్పై బొటనవేళ్ళు లేచాయి.
పిన్ని కూతురు వరసగా హృదయాలు పంపింది.
కన్ను గురించి
ఒక్కరూ అనలేదు.

పదిహేడో రోజు ఆమె అంది:
"వారం కిందటిది. కన్ను లోనికి పోనాది."
కన్ను మీద నెలరోజులున్నాను.
"మూడ్రోజులది. కన్ను పరవాలేదు.
మొప్ప నల్లబడ్డాది, సూడు."
చూడు అని ఊరుకోలేదు,
ఐసులోంచి ఒకదాన్ని లాగి
బొటనవేలితో మొప్ప ఎత్తింది.
ఆ ఎరుపు నా రంగుల చక్రంలో
ఎక్కడ దాక్కుందో వెతకడానికి మూడు రాత్రులు.

మరోసారి నా వేలు పట్టుకుని చేప కడుపు మీద పెట్టింది.
"నొక్కు. లెగిసిందా?
నీది లెగదు."
గాజు తప్ప ఏమీ ఎరగని వేలు అది.
ఆ రోజు సబ్బు పెట్టి కడగలేదు,
ఆ వాసనతోనే పెన్ను పట్టుకున్నాను.

తగ్గించడం మాత్రం ఆమె చెప్పలేదు.
మూడే కోతల్లో చేప విడిపోవడం
నిలబడి చూశానంతే.
తప్పు పోతే వెనక్కి తెచ్చే మీట
ఆ కత్తికి లేదు.
ఎనభై వేలు పన్నెండు వేలయ్యాయి.

రెండొందల పదకొండో రోజు, వాన.
టార్పాలిన్ కింద ఫోన్ ఇచ్చాను.
చాలాసేపు మాట్లాడలేదు.
వేలితో అటూ ఇటూ తిప్పింది,
తిప్పడం ఎప్పుడు నేర్చుకుందో!
కడుపు కిందకి పోయి ఆగింది,
ఎవరు చూస్తార్లే అని నేను వదిలేసిన చోట.
"నిన్నటిది," అంది.
బేరానికి ఎవరో వస్తే
ఫోన్ ఇచ్చేసి అటు తిరిగింది.
తెర మీద ఏ చేపదో ఒక పొలుసు
అంటుకుని ఉంది.

నిన్నటిది.
వానలో నవ్వుకుంటూ నడిచాను,
ఆటోవాడు హారన్ కొట్టి తిట్టేదాకా.
రోజుల్ని నేను ముందుకి లెక్కపెడుతుంటే
అది వెనక్కి నడుస్తోంది,
బుట్టలోంచి, ఐసులోంచి,
బోటు అడుగు నుంచి వల వైపు.
దానికీ నీళ్ళకీ మధ్య
ఇంకొక్క రాత్రి.

ఆ ఒక్క రాత్రి
ఎన్ని నెలలో తెలీదు.
గాజు మీది పొడి తుడిచి
కడుపు కింద మొదలెట్టాను.