పుర్రచేతి కత్తి

వరద తీసిన మూడు వారాలకే
లంకలో మా అరెకరం కనపడ్డం మానేసింది.
రెల్లు, సర్కారు తుమ్మ, వాటి మెడల మీద తీగలు.
ఏ గట్టు ఎవరిదో చెప్పడానికి మిగిలింది
నడుందాకా ఒండ్రులో నిలబడ్డ తాటిమొద్దు ఒక్కటే.

పాత కత్తిని వరద పట్టుకుపోలేదు.
అంతకుముందే వాదర పళ్ళూడి, పొన్ను వదులై
తుమ్మ మొదలుకి తగిలించగానే
పిడి నా చేతిలో ఉండగా
తను మాత్రం ఎగిరి చెరకులో పడింది.
వెతకలేదు.

రాజోలు సంతలో కత్తులు గోనెపట్టా మీద పడుకున్నాయి.
నల్లరంగు పూసినవి,
ప్లాస్టిక్ పిడికి పువ్వులు అచ్చేసినవి.
ఒకటి తీసి గోటితో మీటాను.
రేకు డబ్బాలా పలికింది.
"గ్యారంటీ" అన్నాడు కుర్రాడు.
దేనికో చెప్పలేదు.

కాలవగట్టు దాకా నడిచి
వీరాచారి కొలిమి ముందు కూర్చున్నాను.
ఆయన ముందు కత్తి చూపించలేదు.
ఏం నరుకుతావని అడిగాడు.
రెల్లు అన్నాను. తుమ్మ అన్నాను.
కొబ్బరి మట్టలు, వెదురు, కంచె గుంజలు,
వానల్లో పని లేనప్పుడు తెడ్లు చెక్కుతాను,
గరిటెలు కూడా, అన్నాను కాస్త సిగ్గుగా.
"అయితే బరువు మొనలో ఉండాలి,
బుద్ధి పిడిలో ఉండాలి" అని
తన మాటకి తనే నవ్వుకున్నాడు.

మూల నుంచి లారీ కమాను బద్ద ఒకటి లాగాడు.
ఏ లారీదో.
కొబ్బరికాయలెత్తుకుని ఎన్ని గోతులు దాటిందో,
వంగి, లేచి, మళ్ళీ వంగి.
"మరీ గట్టి ఇనుము విరుగుద్దమ్మా.
మెత్తంది మడతడుద్ది.
దీనికి వంగడం తెలుసు, లేవడమూ తెలుసు."

మధ్యాహ్నం దాకా సమ్మెట దెబ్బలు.
వీపు నా చిటికెన వేలిలో సగం మందం,
వాదర దగ్గరికొచ్చేసరికి తాటాకు.
నీళ్ళలో ముంచుతాడనుకున్నాను,
వేపనూనె డబ్బాలో ముంచాడు.
మూడు రోజులు నా కొంగు అదే కంపు.
తర్వాత మళ్ళీ సన్నగా కాచి
మెతుకు పట్టి చూసే మనిషిలా
రంగు కోసం కాచుకున్నాడు:
ఎండుగడ్డి, తేనె,
నెమలి మెడ కాబోతుండగా లాగేశాడు.

ములుకు పిడి చివరిదాకా దూరి
అవతల మడత పడింది.
పొన్ను ఇత్తడిది, పిడి రేగుకర్రది.
"వేసి చూడు" అన్నాడు.

ఎడంచేత్తో చింతకొమ్మ మీద వేశాను.
ఎప్పట్లాగే పక్కకి జారింది.
ముప్పయ్యేళ్ళుగా జారుతూనే ఉంది.
నాన్న కత్తి, మావగారి కత్తి,
సంఘం వాళ్ళు పంచిన కత్తి.
పుర్రచేయి, పనికిరాని చేయి,
దీంతో గట్టు కొట్టిస్తే పాములా వత్తాది!
నేనూ నమ్మాను.
అన్నం కుడిచేతికి మార్చుకున్నాను, సంతకం మార్చుకున్నాను,
కత్తి మాత్రం మారలేదు.

వీరాచారి నా మొహం చూళ్ళేదు.
కొమ్మ మీది గాటు చూశాడు.
"ఎస్తేరమ్మా, తప్పు నాది.
మేం ఒక పక్కే పదును తీస్తాం.
అది కుడిచేతి వాటం పక్క.
నీకు రెండో పక్క తియ్యాలి."
అంతే.
సానరాయి తిరిగింది,
రవ్వలు ఆయన పంచె మీద పడి ఆరిపోయాయి.

ఈసారి కొమ్మ
ఏమీ అనకుండా రెండైంది.
ఇంకేదైనా మాట్లాడితే ఏడుస్తానేమోనని
ధర అడిగాను.
తొమ్మిదొందలన్నాడు, ఏడన్నాను,
ఎనిమిదికి తెగింది.

వైనతేయ దాటుతున్నంతసేపూ
అరటి దొప్పలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను.
పడవలో పక్కావిడ
చంటిబిడ్డనుకుని జరిగి చోటిచ్చింది.

నెల తర్వాత మరిది యోహాను
అడిగి పట్టుకెళ్ళి పొద్దుపోయాక తెచ్చిచ్చాడు.
"వదినా, నీ కత్తి వంకర.
ఎలా వేసినా పక్కకే పోతంది."
"ఆయ్" అన్నాను
గరిటె చెక్కుతూనే, తలెత్తకుండా.
"నీ చెయ్యి ఎవరికైనా చూపించుకో."