తప్పుగీత

కార్పొరేషన్ వాళ్ళు వెయ్యమన్నది
రెండు నెమళ్ళు, తామరపూలు,
తడిచెత్త పొడిచెత్త బుట్టలు.
ఏలూరు కాలువ గట్టున
నూటపది అడుగుల గోడ.

నెమళ్ళను ఒక్క పూటలో తేల్చేశాడు నాగుల్ మీరా.
నలభై ఏళ్ళు సినిమా బోర్డులెక్కి
హీరోల బుగ్గలకు గులాబీరంగు మెత్తినవాడు,
ఫ్లెక్సీలొచ్చాక
లారీల వెనక హారన్ కొట్టమని రాసుకున్నవాడు.
మిగిలిన గోడంతా తనదే అన్నట్టు
లాకులెత్తాడు, నీళ్ళు వదిలాడు,
పడవ దించాడు.
నేను డబ్బాలు పట్టుకున్నాను, రోజుకు నాలుగొందలకి.

మూడోరోజు
చేపలగంప దించి దానమ్మ నిలబడింది.
"పడవ లాగేది మా ఏసోబేనా?
అయితే తాడు కుడిభుజానికేశావేం?
ఆ భుజం కాయ కాసి, పుండై,
పెళ్ళినాటికే ఎడమకి మార్చాడు."
తన ఎడమ భుజం మీద చెయ్యేసి చూపించింది,
ఇంకా అక్కడ తాడున్నట్టు.

జట్కా తోలిన కోటిలింగం
మనవడి స్కూటర్ దిగీ దిగగానే అరిచాడు:
"తెల్లగుర్రం ఎవడిదిరా? నాది ఎర్రది.
నుదుట రూపాయంత చుక్క.
స్టేషన్ నుంచి వన్‌టౌన్‌కి
దానికి దారి తెలుసు, నాకు నిద్ర తెలుసు."

నేల టికెట్టు దగ్గర ఆడాళ్ళు నవ్వారు.
"కిటికీ కాదయ్యా, కంత.
చెయ్యి దూరిస్తే
టికెట్టొచ్చేది, గాజులు పోయేవి."

చెరిపాడు, దిద్దాడు, మళ్ళీ చెరిపాడు.
గోడ ముందు టీబండి వెలిసింది.
లాకు తలుపు చెక్కా ఇనుమా అని
ఇద్దరు ముసలాళ్ళు మాటలు మానేసుకున్నారు.

విసుగొచ్చి అడిగాను,
ముందే కనుక్కుని వెయ్యొచ్చుగా అని.
బ్రష్షు కిరసనాయిల్లో జాడిస్తూ అన్నాడు:
"ఒప్పు వేస్తే బాగుందని పోతార్రా.
తప్పు వెయ్యి,
బండి దిగొచ్చి చెప్తారు."

బిల్లు రావడానికి ఆర్నెల్లు పట్టింది.
ఆయన మాత్రం సాయంత్రాలు వస్తూనే ఉన్నాడు.
గోడ చివర, బోర్లించిన పడవకి
తారు పూస్తున్న మనిషి ఎదురుగా
గొంతుక్కూర్చుంటాడు.
ఆ మనిషికి గుండ్రటి కళ్ళజోడు.

"మా అబ్బా" అన్నాడొకరోజు.
"కళ్ళజోడెక్కడిది ఆయనకి?
చివరి రోజుల్లో పడవని తడుముకుంటూ పూసేవాడు."

ఏడాదైంది.
జనం వస్తారు, పడవ పక్కన ఫోటోలు దిగుతారు,
కళ్ళజోడు భలే కుదిరిందంటారు.
రెండు వానలకే నెమలి తోక వెలిసింది.
చొక్కా జేబులో సన్నబ్రష్షు,
అగ్గిపెట్టెంత సీసాలో చామనఛాయ రంగు.
ఎండిపోకుండా ఆడిస్తూ ఉంటాడు.

నిన్న నోటిదాకా వచ్చింది నాకు,
"ఆయనకి కళ్ళజోడేంటి, తీసెయ్" అని.
టీ గ్లాసు అందించి ఊరుకున్నాను.
నేను చూసినవాణ్ణి కాదు.
నేనంటే చెల్లదు.