నోబిడ్

టంగుటూరు వేలం కేంద్రం, పొద్దున ఎనిమిదిన్నర.
రేకుల కింద బేళ్లన్నీ పొట్టలు విప్పుకుని
పెద్దాసుపత్రిలో డాక్టరు కోసం కూచున్నట్టు
వరసల్లో ఉండాయి.
నేను వాటిని మోసేవాణ్ణి, ఏసురత్నం.
కొన్ని నూరు కిలోలు, కొన్ని నూట ముప్పై.
తేడా వీపుకి తెలుస్తది, నోటికి తెలవదు.

ఏడో వరసలో మాల్యాద్రి బేలు, పక్కనే పెంచలయ్యది.
బేళ్లు ఊరుకున్నా వాళ్లు ఊరుకోరు.

"సర్కారనేది ఎందుకుండాది?" అంటాడు మాల్యాద్రి.
"ధర కట్టాలి, కొనాలి, కొననోడి మెడలు వంచి కొనిపించాలి.
ఓడరేవుకాడ తలుపేసి
తాళంచెవి మొలతాడుకి కట్టుకోవాలి."

"తలుపేస్తే లోపలుండేది మనమే బావా!
బ్యారన్‌కి లైసెన్సు, ఆకుకి కోటా,
రేపు తుమ్మాలన్నా దరఖాస్తేనా?
వదిలేస్తే బ్రెజిలోడితో నేనే తేల్చుకుంటా."
పెంచలయ్య బ్రెజిల్ చూళ్లేదు.
గుంటూరు మిర్చి యార్డుకి మాత్రం రెండుసార్లు పోయొచ్చాడు.

"నువ్వు చెప్పు రత్నం" అంటారిద్దరూ.
బేలు కిందుండేవాడికి
అవునన్నా కాదన్నా మెడ తిరగదు.

కంపెనీవాళ్లు వచ్చారు.
ఆకు లాగి, నలిపి, వాసన చూసి,
చేతిరుమాలుకి వేళ్లు తుడుచుకుని
ఎనిమిదో వరసకి పోయారు.
రెండు బేళ్ల మీదా ఒకటే చీటీ: నోబిడ్.

అప్పుడు చూడాల.
సర్కారు తప్పుకోవాలన్న పెంచలయ్య
సూపరింటెండెంటు గది ముందర చెప్పులు విడిచి
"ప్రభుత్వమే దిగాలి సార్" అని చేతులు కట్టుకున్నాడు.
సర్కారే దిక్కన్న మాల్యాద్రి
నన్ను నీళ్ల ట్యాంకు చాటుకి పిలిచి
"లెక్కలో లేని ఆకు పద్దెనిమిది బేళ్లుండాది,
రాత్రికి లారీ వస్తంది, ఎవరికీ చెప్పమాక" అన్నాడు.

మధ్యాన్నం టీబంకు కాడ గుమాస్తా చెప్పాడు:
యాడో చలిదేశాల్లో జనం సిగరెట్లు మానేస్తన్నారంట,
ఆర్డర్లు అందుకే రాలేదంట.
ఇద్దరూ ఒక్కసారే గ్లాసులు కింద పెట్టారు.
మానేసినాయన్ని తిట్టాలో వద్దో
ఇద్దరికీ పాలుపోలా.
ఏ పార్టీ మీటింగులోనూ
ఆయన సంగతి ఎవరూ చెప్పినోళ్లు లేరు మరి.

నాకైతే ఆయనకొక ఉత్తరం రాయాలనుంది.
మంచిపని చేశావు నాయనా, అని మొదలుపెట్టి
రెండో ముక్క కాడ ఆగిపోతా ఉండా.
లారీకి ఇంకా టైముంది.
దుమ్ముకి దగ్గొస్తా ఉంది.
జేబులో బీడీ ఒకటే మిగిలింది,
తీసి, చూసి,
మళ్లీ జేబులోనే పెట్టా.