ఇంచికి ఎనిమిది నూళ్లు

దర్వాజలు చేసేటోణ్ని.
కోరుట్ల బస్టాండు వెనుక
టేకు పొట్టు వాసనేసే రేకుల షెడ్డు నాది.
ఆరడుగుల చౌకట్లు, అల్మారాలు,
పెండ్లి మంచాలు చేసిన చేతులివి.
లసుంబాయి వచ్చి
చిటికెన వేలంత పనొకటి అడిగింది.

కొంగుముడి విప్పి ఇనుప సూది చూపెట్టింది.
కొసకు చిన్న కొండి, తేలుకున్నట్టు.
"చలికి ఇది ఐసు లెక్క, వడ్లాయనా,
ఎముకలల్లకు ఎక్కుతది.
గిట్లాంటిదే కట్టెతోని చెయ్యి."

నలభై ఏండ్లు బీడీలు చుట్టింది లసుంబాయి.
ఒడిల చాట, చాటల ఆకు, ఆకుల తంబాకు.
దగ్గు ముదిరినంక
డాక్టరు బంద్ చెయ్యమన్నడు.
చాట అటక ఎక్కింది గని
వేళ్లు పని దిగలే.
నిద్దట్ల దుప్పటి అంచు చుడుతున్నయట,
తెల్లారి చూస్తే కొస మలిచి ఉంటదట.
పక్కింట్ల కిరాయికున్న నర్సు
ఊలుండ ఒకటి చేతికిచ్చి అల్లిక నేర్పింది.

మొదటిది టేకుతోని చేసిన.
మెడ కాడ ఉలి పెట్టిన, నార చూసుకోలే.
టిక్కుమని విరిగింది.
దర్వాజల తప్పు దాచొచ్చు,
సందుల పుట్టీ కూరొచ్చు.
దీంట్ల దాచేటందుకు జాగా ఏది?

రెండోది చింత. మొండి కట్టె.
రెండు పూటలు గీకి, నున్నగైందనుకున్న.
ఆమె వేలికి దారం చుట్టి
కొండిని లోపలికి పోనిచ్చి గుంజింది.
దారం ఆగింది.
"ఈడ," అన్నది.
అద్దాలు పెట్టుకున్నా నాకేం కనపడలే.
గోరుతోని తడిమిన, ఏం లేదు.
మళ్లా దారం పెట్టింది,
మళ్లా ఆడనే ఆగింది.
ముప్పై ఏండ్లల్ల నా పనికి
అంత సన్నంగ వంక పెట్టిన మేస్త్రి లేడు.

మా కొలతల ఇంచికి ఎనిమిది నూళ్లు.
నూలంటే నాకు టేపు మీది నల్ల గీత.
"ఇంకో రెండు నూళ్లు చిత్రిక పట్టురా"
అని నాయిన అంటే పట్టేటోణ్ని.
ఆ మాటల ఒక దారమున్నదని
ఆ పొద్దు దాకా తోచలే.

మూడోదానికి తునికి.
కథలాపూర్ల ఎవరిదో తలుపు బిగించి వస్తుంటే
ఒడ్డు మీద కొట్టి పడేసిన కొమ్మ దొరికింది,
నడుమ నల్లటి చేవ.
నెల రోజులు నీడకు ఎండబెట్టిన.
కొయ్యలే, చీల్చిన.
చీలిక నార వెంట పోతది,
రంపానికి నార తెల్వది.
బాడిశ పక్కకు పెట్టి
ఇంట్ల కూరగాయల చాకు తెచ్చుకున్న.
ఆమె ఏమందో అనక!
కొండి లోపల ఆకురాయి పట్టదు.
సైకిల్ పుల్లకు గరుకు కాయితం చుట్టి
ఇటు పది, అటు పది.
బొటనవేలు ఆనేటందుకు నడుమ కొద్దిగ చదును.
ఆఖరుకు గుడ్డతోని కుసుమ నూనె.
నలుపు నిద్ర లేచింది.

అంగి అంచుకెళ్లి దారం ఒకటి పీకి
నేనే గుంజి చూసిన.
ఆగలే.
ఇంకోసారి గుంజిన, నమ్మక.

"ఏం కట్టె?"
"తునికి."
లసుంబాయి దాన్ని ముక్కు కాడ పెట్టుకున్నది.
తిప్పి మళ్లా వాసన చూసింది.
"ఆకే ఎరుక నాకు.
చెట్టు ఎట్లుంటదో ఎన్నడు చూడలే."

పొట్టు మీదనే కూసోని అల్లింది.
పెదవులతోని లెక్క.
ఇరవై ఐదు కాంగనే
ఎడమ చెయ్యి తనంతల తానే
కట్ట కట్టబోయి ఆగింది.
నేను రంపం దిక్కు తిరిగిన.

పైసలెంతన్నది.
అడుగు లెక్కన రేటు చెప్పేటోణ్ని,
జానెడు లేనిదానికి ఏం చెప్పాలె?
చాయ్ తాగిపియ్యమన్న.

విరిగిన టేకుది నా చెవి మీదనే ఉంటది,
గిరాకులు పెన్సిలనుకుంటరు.

నిన్న మళ్లొచ్చింది.
సన్న దారం పని మొదలు వెట్టిందట.
"ఇంకొక్క నూలు తగ్గించు, వడ్లాయనా."
నీ నూలా, నా నూలా
అని అడగలే.
చాకు నూరుతున్న.